సికింద్రాబాద్‌లో ఆర్కెస్ట్రేషన్ కోర్సు: 12 ఆదివారాల అనుభవం

మారేడ్‌పల్లిలోని ఒక చిన్న సంగీత శిక్షణాలయంలో సింఫనీ ఆర్కెస్ట్రాకు రాయడం నేర్పే కోర్సును గత నెలలో పూర్తి చేశాను. రుసుము 18,000 రూపాయలు. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం రాకపోతే మొదటి వారమే వెనుకబడతారు కనుక, అది నేర్చుకున్న తరువాతే చేరడం మంచిది.

నాలుగో వారం పాఠాన్ని నేను ఎన్నటికీ మరచిపోలేను. మోహన రాగంలో కట్టుకున్న ఒక వరుసను ఫ్లూట్ కింది స్థాయిలో ఉంచి, దానికి తోడుగా వయొలిన్లను, సెల్లోను నిండుగా నడిపించాను. కంప్యూటర్‌లో అది చక్కగానే వినిపించింది. మాస్టారు స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ రాసిన ప్రతి) చూసి ఏమీ అనకుండా, పక్క గదిలోని నలుగురు విద్యార్థులను పిలిపించి దానినే వాయించమన్నారు. మూడడుగుల దూరంలో కూర్చున్న నాకు ఫ్లూట్ నుంచి ఊపిరి శబ్దం తప్ప స్వరం అందలేదు. వరుసను ఒక స్థాయి పైకి జరిపి, తంత్రీవాద్యాలను విల్లుతో కాక వేళ్లతో మీటించగానే, ఏ మైకూ లేకుండా ఫ్లూట్ గదంతా నిండింది.

కొన్ని పాశ్చాత్య వాద్యాలకు రాసే స్వరం ఒకటి, పలికే స్వరం మరొకటి. బి ఫ్లాట్ క్లారినెట్‌కు 'సి' అనే స్వరం రాస్తే 'బి ఫ్లాట్' పలుకుతుంది, ఎఫ్ హార్న్‌కు అదే రాస్తే కింది 'ఎఫ్' పలుకుతుంది. చాలామంది తడబడే ఈ విషయాన్ని మాస్టారు శ్రుతితో ముడిపెట్టి చెప్పారు. షడ్జమాన్ని ఏ శ్రుతిలోనైనా పెట్టుకుని పాడే మనకు ఇది పరాయిది కాదు.

రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ 1874లో పియానోకు రాసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ను ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1922లో ఆర్కెస్ట్రాకు మలిచారు. అందులోని పాత కోట భాగాన్ని పియానో ప్రతి చూసి మాస్టారు ముందు మాచేత ఆర్కెస్ట్రాకు రాయించి, తరువాతే రవెల్ స్కోరు చూపించారు. మేమంతా ప్రధాన వరుసను ఓబోకో క్లారినెట్‌కో ఇచ్చాం. రవెల్ ఆల్టో శాక్సఫోన్‌కు ఇచ్చారు. శాక్సఫోన్‌పై కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు వింటూ పెరిగిన నాకు ఆ వాద్యం తట్టకపోవడం ఎంతో బాధ కలిగించింది.

లోపాలు రెండు. ఇత్తడి వాద్యాలు వాయించేవారు ఒక్కరూ రాలేదు. ట్రాంబోన్ పాఠం మొత్తం రికార్డింగులతోనే సాగింది. అంతకంటే పెద్ద లోటు గమకం విషయంలో. పన్నెండు వయొలిన్లు కంపితాన్ని (స్వరాన్ని ఊపే గమకాన్ని) ఎవరికి తోచిన వేగంతో వారు పలికిస్తే స్వరం మసకబారుతుంది. దానిని ఏ గుర్తుతో రాయాలని అడిగితే, గ్లిస్సాండో గీత (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడాన్ని చూపే గీత) చాలునని మాస్టారు అన్నారు. ఆ సమాధానంతో నేను ఏకీభవించలేదు. నా చివరి స్కోరులో గమకాలన్నీ ఒక్క వయొలిన్‌కే ఇచ్చి, మిగిలిన పదకొండింటికి నిలకడ స్వరాలు మాత్రమే రాశాను.