జపాన్ మిలిటరీ కత్తి మీద వెండి ముద్ర చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి – జాగ్రత్త

అమెరికాలో ఉంటూ పాత మిలిటరీ వస్తువులు కొనే మనవాళ్లు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ ఆఫీసర్ కత్తిని షిన్ గుంతో అంటారు. దాని పిడి చివర ఉన్న చిన్న వెండి పువ్వును చూపించి, "ఇది ఫలానా సమురాయ్ వంశం ముద్ర సార్" అని అమ్మేవాడు కథ మొదలుపెడితే మాత్రం పర్సు బయటికి తీయకండి.

మా దగ్గర జరిగే పాత మిలిటరీ వస్తువుల షోలో నేనూ అలాంటి కత్తి ఒకటి కొన్నాను. ట్యాగ్ మీద "అకెచి వంశం" అని రాసి ఉంది. పిడి చివర తొడిగే లోహపు టోపీని కబుతొగానే అంటారు. దాని మీద ఐదు రేకుల వెండి పువ్వు ఉంది. ముద్ర లేని ఇలాంటి కత్తే పక్క టేబుల్ మీద ఉంటే, నాకు అమ్మినాయన దానికంటే 400 డాలర్లు ఎక్కువ చెప్పాడు. పైగా లోపలి బ్లేడు కూడా సమురాయ్ కాలం నాటిదేననీ, తాతల నాటి కత్తికి దాన్ని వాడిన ఆఫీసరు మిలిటరీ పిడి వేయించుకున్నాడనీ అన్నాడు. అలా వేయించుకున్న ఆఫీసర్లు నిజంగానే ఉన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అబద్ధాన్ని నిజం పక్కన కూర్చోబెట్టి అమ్మడం అంటే ఇదే.

ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూస్తే ముద్ర అంచు చుట్టూ సన్నగా పసుపురంగు జిగురు గీత కనిపించింది. ఫోన్ చేస్తే అమ్మినాయన "అమ్మిన సరుకు వాపసు లేదు" అని పెట్టేశాడు. ఇక మొహమాటం ఎందుకని దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది కాసేపు ఉంచితే, పువ్వు ఊడి చేతిలోకి వచ్చింది. కింద లోహం చుట్టుపక్కల ఎలా నల్లబడి ఉందో అక్కడా అలాగే నల్లబడి ఉంది, అవే గీతలు, అదే మురికి. దాదాపు 80 ఏళ్లు ముద్ర కప్పి ఉంచిన చోటు అలా ఉండదు కదా! రంగులో తేడా రావాలి, కనీసం పువ్వు ఆకారంలో ఒక మచ్చైనా మిగలాలి.

ఆ తర్వాత కత్తుల గురించి బాగా తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన వెదురు మేకు తీసి పిడి ఊడదీశారు. పిడి లోపల దాగి ఉండే బ్లేడు మొదలును నకాగో అంటారు. దాని మీద, కమ్మరి పేరు చెక్కిన చోటే, సెకి ముద్ర కొట్టి ఉంది. సెకి అంటే గిఫు ప్రాంతంలో కత్తులకు పేరున్న ఊరు. ఆ చిన్న ముద్ర యుద్ధకాలంలో చేసిన సరుకు మీద కొట్టేది. సమురాయ్ తాతగారు అక్కడితో గల్లంతు. చేతికవచం దగ్గర పెట్టే సెప్పా పలకల మీద నంబర్లు కూడా ఒకదానితో ఒకటి కలవలేదు. ఒకే కత్తికి బిగించిన భాగాలన్నిటికీ మామూలుగా ఒకే నంబరు ఉంటుంది. అంటే రెండు మూడు కత్తుల ముక్కలు కలిపి ఒకటి చేశారన్నమాట.

సరే, ఆ ముద్ర అసలుదే అనుకుందాం. అప్పుడైనా అది అకెచి వాళ్ల కత్తి అని చెప్పగలమా? చెప్పలేం. ఆ పువ్వు పేరు కిక్యో. 1582లో తన ప్రభువు ఓడా నొబునగ మీద తిరగబడ్డ అకెచి మిత్సుహిదె వాడింది అదే, అతని మూలమైన తొకి వంశం వాడిందీ అదే. దాదాపు రెండు వందల యాభై ఏళ్ల తర్వాత వచ్చిన పేరున్న సమురాయ్ సకమోతో ర్యోమా ఇంటివాళ్లూ చుట్టూ చట్రంతో అదే పువ్వు పెట్టుకున్నారు. సమురాయ్‌లతో సంబంధం లేని మామూలు కుటుంబాల్లో కూడా ముద్రలు ఉన్నాయి. పువ్వు చూసి వంశం చెప్పడమంటే, శ్రీనివాస్ అనే పేరు విని ఆయనది ఏ ఊరో చెప్పినట్టే. కటబామి, మొక్కో, టకనోహా, ఫుజి, కిరి లాంటి ముద్రలు మరీ ఎక్కువ. అవి కనిపిస్తే ఆఫీసరు ఎవరో తేలే అవకాశం దాదాపు లేదు. కిరి చూపించి పాతకాలపు పాలకుడు హిదెయోషి పేరు ఎత్తేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల దగ్గర ఆగనే వద్దు.

ఇంకో తిరకాసు ఉంది. ఆర్మీ కత్తి మీద అలంకారంగా వేసే చెర్రీ పువ్వు, అంటే సకురా, కుటుంబ ముద్ర కాదు. కబుతొగానే మీద, పిడి తాడు కింద ఉండే మెనుకి అనే చిన్న అలంకార ముక్క మీద అది మామూలే. దాన్నే వంశ చిహ్నమని అంటగడతారు. సకురా, ఉమె, కిక్యో మూడింటికీ ఐదేసి రేకులే కాబట్టి రేకు కొస చూడండి. సకురా రేకు కొసన చిన్న చీలిక ఉంటుంది. ఉమె అనే ప్లమ్ జాతి పువ్వుకి రేకులు గుండ్రంగా ఉంటాయి. కిక్యోకి కొస సూదిగా ఉంటుంది. ఫోటో మసకగా ఉంటే ఈ తేడా తెలియదు, కొందరు కావాలనే మసక ఫోటో పెడతారు.

పదహారు రేకుల చామంతి సంగతి వేరే. 1871 తర్వాత చక్రవర్తి కుటుంబం బయటివాళ్లెవరూ దాన్ని తమ ఇంటి ముద్రగా వాడటానికి వీల్లేకపోయింది. ఆఫీసర్ కత్తికి అది ఇంటి ముద్రగా ఉందంటే నవ్వి ఊరుకోవచ్చు. నీటి మీద తేలే సగం చామంతి, కికుసుయి, మాత్రం నిజంగా ఉంది. కోబెలోని మినతొగవ గుడి ఆవరణలో నేవీ ఆఫీసర్ల కోసం చేసిన కత్తుల మీద వేసేవాళ్లు. అది గుడి గుర్తు, కత్తి పట్టినవాడి ఇంటి గుర్తు కాదు. మంచి ధర పలుకుతుంది కాబట్టి దానికీ నకిలీలు బోలెడు.

కొనే ముందు పిడి ఊడదీసి నకాగో చూపించమని అడగండి. "పాడైపోతుంది" అంటే కొనకండి, తెలిసినవాళ్ల చేతిలో అది రెండు నిమిషాల పని. నకాగో మీద చెక్కిన పేరు చూపించి అదే యజమాని పేరని అమ్మేవాడు అంటాడు, నమ్మకండి. అది కత్తి చేసిన కమ్మరి పేరు. యజమాని పేరు మామూలుగా దొరికేది జపాన్ సైన్యం లొంగిపోయినప్పుడు పిడికి కట్టిన చీటీ మీద, అదీ అరుదుగా. ఇండియాకి తీసుకెళ్దామనుకునేవాళ్లు 1959 ఆయుధాల చట్టం ముందే చూసుకోండి. 9 అంగుళాల కంటే పొడుగు బ్లేడున్న కత్తులు దాని కిందికే వస్తాయి. కస్టమ్స్ దగ్గర టెన్షన్ పడితే లాభం లేదు.

నాకు కత్తి అమ్మినాయన ఇంకా షోలకి వస్తూనే ఉన్నాడు. మొన్న టేబుల్ మీద టైప్ 95 కత్తి పెట్టాడు. అది సార్జెంట్ స్థాయి వాళ్లకి ప్రభుత్వం ఇచ్చినది, పిడి పోత లోహం, బ్లేడు మీద సీరియల్ నంబరు. ఆఫీసర్లలా సొంత డబ్బుతో కొన్నది కాదు, ఇంటి ముద్ర వేయించుకునే సొంత కత్తీ కాదు. దాని మీద ఒకప్పుడు జపాన్‌ను ఏలిన తొకుగవ వంశం మూడు ఆకుల ముద్ర మెరుస్తోంది. ట్యాగ్ మీద ధర 1,800 డాలర్లు.