4కే ప్లేయర్ కొనబోతున్నారా? జాగ్రత్త! సొమ్ము మనది, పెత్తనం దానిది

4కే బ్లూ-రే ప్లేయర్ (4కే సినిమా డిస్కుల్ని టీవీలో ఆడించే పెట్టె) కొందామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను కొని మూడు వారాలైంది. అందులో మొదటి పది రోజులు అది సినిమా ఎందుకు చూపించడం లేదో కనుక్కోవడానికే సరిపోయాయి.

పెట్టె విప్పిన రోజు ప్లేయర్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఆంప్లిఫయర్‌కి, అక్కణ్నుంచి ఇంకోటి టీవీకి కలిపాను. స్పీకర్లన్నీ ఆంప్లిఫయర్‌కే ఉంటాయి కాబట్టి అందరూ చేసేది ఇదే. హోమ్ స్క్రీన్ శుభ్రంగా కనబడింది. డిస్క్ పెట్టి ప్లే నొక్కగానే తెర నల్లబడిపోయింది. ప్లేయర్ ముందువైపు అంకెలు మాత్రం కదులుతున్నాయి: 0:41, 0:42, 0:43. అంటే లోపల సినిమా ఆడుతోంది, నాకు చూపించడం లేదంతే!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘కేబుల్ మార్చండి సార్’ అన్నారు. మార్చాను. ‘టీవీ పాతదేమో సార్’ అన్నారు. కాదు, అదీ 4కేనే. నాలుగో ఫోన్‌లో ఒకమ్మాయి అడిగింది, మధ్యలో ఏమైనా ఉందా అని. అసలు సంగతి అక్కడ బయటపడింది.

ప్లేయర్ బొమ్మని ఊరికే పంపదు. దారిలో ఎవరూ కాపీ కొట్టకుండా హెచ్‌డీసీపీ అనే తాళం వేసి పంపుతుంది. పంపేముందు అవతలి పరికరాన్ని ‘నీ దగ్గర తాళంచెవి ఉందా’ అని అడుగుతుంది. దారిలో ఎన్ని పరికరాలుంటే అన్నిటి దగ్గరా ఉండాలి. 4కే డిస్కులకి కావాల్సింది ఇందులో 2.2 వెర్షన్, అది 2013లో వచ్చింది. నా ఆంప్లిఫయర్ పెట్టె మీద 4కే అని పెద్దక్షరాలతో ఉంది. కానీ దానికి తెలిసింది పాత 1.4 వెర్షనే. కొన్ని ప్లేయర్లు ఇలాంటప్పుడు 4కే కన్నా తక్కువ స్పష్టత ఉండే 1080పీకి దిగి ఎలాగోలా చూపిస్తాయి. నాది మొహం తిప్పేసుకుంది.

కాబట్టి 4కే అన్న మాట చూసి మోసపోకండి. టీవీలో, ఆంప్లిఫయర్‌లో ఏయే పోర్టుకి హెచ్‌డీసీపీ 2.2 ఉందో మాన్యువల్ తీసి చూడండి. తొలినాళ్ల 4కే టీవీలు కొన్నిటిలో ఒక్క పోర్టుకే ఉండేది. ప్లేయర్‌కి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే బొమ్మ నేరుగా టీవీకి, శబ్దం ఆంప్లిఫయర్‌కి విడివిడిగా పంపొచ్చు. నేను అలాగే గట్టెక్కాను. ఒకటే పోర్టున్న మోడల్ కొనుంటే నా పని గోవిందా.

ఇంతా చేసి ఈ తాళాలు దొంగల్ని ఆపాయా అంటే, డీవీడీ తాళం 1999లోనే విరిగింది, మొదటి తరం హెచ్‌డీసీపీ అసలు తాళంచెవి 2010లో బయటికి పొక్కింది. బిల్లు కట్టి కొన్నవాడే చీకటి తెర ముందు కూర్చున్నాడు.

బొమ్మ గొడవ తీరిందనుకుంటే శబ్దం మొదలుపెట్టింది. మా చిన్నవాడు డిస్కుల్ని బొంగరాల్లా తిప్పుతాడు, అందుకని వాడి సినిమా ఒకటి కాపీ తీసి పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు బాగానే ఆడింది. ఉన్నట్టుండి డైలాగ్ మధ్యలో మాట ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. స్పీకర్ వైరు ఊడిందేమోనని సోఫా వెనక దూరాను కూడా. తలెత్తి చూస్తే తెర మీద మెసేజ్ కోడ్ 3. సినేవియా అంటారు దీన్ని. చెవికి తెలియకుండా శబ్దంలోనే కలిపేసిన గుర్తు, మైకు పెట్టి రికార్డు చేసినా పోదు. 2012 ఫిబ్రవరి నుంచి తయారైన బ్లూ-రే ప్లేయర్లన్నీ దాన్ని పసిగట్టి కాపీని అడ్డుకోవాల్సిందే. కాపీ తీయడం తప్పు కదా అంటారా? చాలా దేశాల చట్టాలు అలాగే అంటాయి, కాదనను. కానీ అసలు డిస్క్ నా అలమారాలోనే ఉందండీ.

ఇంకోటి, ఫర్మ్‌వేర్, అంటే ప్లేయర్ లోపల ఉండే సాఫ్ట్‌వేర్. కొత్త డిస్క్ పెడితే ముందు అప్‌డేట్ చెయ్యమని కూర్చోవచ్చు. డిస్కుకీ వేరే తాళం ఉంటుంది, దాన్ని తీసే ఏ ప్లేయర్ల తాళంచెవులు రద్దయ్యాయో చెప్పే జాబితా కొత్త డిస్కుల మీదే వస్తుంది. 2007లో ఒక కంప్యూటర్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ తాళంచెవి బయటపడితే దాన్ని రద్దు చేశారు, అప్‌డేట్ చేసుకోనివాళ్లకి కొత్త సినిమాలు ఆడలేదు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడల్‌ని సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని తెచ్చుకోకండి. చివరి అప్‌డేట్ ఎప్పుడిచ్చారో సపోర్ట్ పేజీలో ఉంటుంది.

పాత ప్రొజెక్టర్‌ని కాంపొనెంట్ కేబుల్‌తో (హెచ్‌డీఎంఐకి ముందటి మూడు పిన్నుల అనలాగ్ వైరు) వాడేవాళ్లు ఆశ వదులుకోండి, కొత్త బ్లూ-రే ప్లేయర్లు ఆ దారిలో బొమ్మ పంపవు. కంప్యూటర్‌లో 4కే డిస్క్ చూద్దామన్నా కష్టమే. అధికారిక సాఫ్ట్‌వేర్‌కి ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సౌకర్యం ఉండాలన్నారు, 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి దాన్ని తీసేశారు. కొత్త కంప్యూటర్ కొన్నవాడికి ఆడలేదు, పాతది ఉంచుకున్నవాడికి ఆడింది. ఏం చెప్పాలి!

వీలైతే మీ డిస్కులు ఒకట్రెండు వెంట తీసుకెళ్లి, కొనేచోటే పెట్టి చూడండి. రిటర్న్ షరతుల్లో ‘లోపం ఉంటేనే’ అన్న మాట ఉందేమో కూడా చూసుకోండి. నా దాంట్లో ఉంది. నేను పెట్టిన రిటర్న్ రిక్వెస్ట్‌కి నిన్న జవాబొచ్చింది: ప్లేయర్‌లో లోపమేమీ లేదట, అది చేయాల్సిన పనే చేస్తోందట.