నల్లమల దారికి స్టెప్నీయా, పంక్చర్ కిట్టా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి, టైరుకు ఏమైనా జరిగితే పరిష్కారం కారులోనే ఉండాలి. ట్యూబ్‌లెస్ టైర్లు, మరమ్మతు కిట్, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధనలు సవరించినప్పటి నుంచి ఈ సందేహం పెరిగింది.

ఖర్చు: కిట్, గాలి పంపు రెండూ కలిపినా కొత్త టైరు కంటే చౌక. స్టెప్నీ కారుతోనే వచ్చి ఉంటే ఆ ప్రశ్నే లేదు.

శ్రమ: కిట్ వాడితే చక్రం విప్పనక్కర్లేదు. మేకును పటకారుతో లాగి, రంధ్రాన్ని గరుకు సూదితో శుభ్రం చేసి, జిగురు రాసిన రబ్బరు పట్టీని దూర్చి, మిగిలిన కొస కోసి గాలి నింపాలి. స్టెప్నీకైతే బోల్టులను బండి నేలమీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తాలి. వాలులో, మెత్తటి మట్టిలో ఈ పని ప్రమాదకరం.

నష్టభయం: నేలను తాకే భాగంలో మేకు దిగితే కిట్ పనికొస్తుంది. రాయి కోసుకుని టైరు పక్కభాగం చీలితే మాత్రం ఏ పట్టీ నిలవదు, స్టెప్నీ ఒక్కటే దిక్కు. అయితే డిక్కీ అడుగున నెలల తరబడి పడి ఉన్న స్టెప్నీలో గాలి చాలామంది చూడరు. బయలుదేరే ముందే పెట్రోలు బంకులో తప్పక చూపించాలి.

తారురోడ్డు మీదే పగటిపూట వెళ్లి వచ్చేవారికి కిట్ సరిపోతుంది. రాళ్లదారుల్లోకి దిగేవారు, పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారు సామాను తగ్గించుకునైనా స్టెప్నీనే ఉంచుకోవాలి.