సీఎఫ్‌ఎల్ ఉంచాలా, ఎల్‌ఈడీకి మారాలా?

అమ్మ వాళ్ళ వంటింట్లో ఇంకా ఆ మెలికల సీఎఫ్‌ఎల్ బల్బే ఉంది, మార్చేద్దామంటే "వెలుగుతోందిగా, ఎందుకురా పారేయడం" అంటుంది. కరెంట్ వరకే చూస్తే అమ్మ మాటలో న్యాయం ఉంది, ఎందుకంటే 15 వాట్ల సీఎఫ్‌ఎల్ రోజుకి 5 గంటలు వేస్తే నెలకి రెండుంపావు యూనిట్లు, దాదాపు అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి 1.35, అంటే తేడా యూనిట్ కూడా లేదు. పాత 60 వాట్ల బల్బయితే 9 యూనిట్లు, అది ఇంట్లో ఉంటే మాత్రం ఇవాళే తీసేయండి.

నాకు భయం పాదరసం గురించే. సీఎఫ్‌ఎల్ గొట్టంలో కొద్ది మిల్లీగ్రాములే ఉంటది కానీ పగిలితే ఆవిరై గాల్లో కలుస్తుంది, పిల్లలు నేలమీద పాకే ఇంట్లో అది చిన్న విషయం కాదు. పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తీసి, పావుగంట అందరూ బయటికెళ్ళాలి, ఆ తర్వాత చీపురు పట్టకుండా అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడి టేపుకి అంటించి, సీసాలో వేసి మూత పెట్టాలి. ఎల్‌ఈడీలో పాదరసమే లేదు.

బాత్రూంలో కూడా ఎల్‌ఈడీయే నయం, మాటిమాటికీ స్విచ్ వేస్తే సీఎఫ్‌ఎల్ తొందరగా పోతుంది. కొనేటప్పుడు స్టార్ లేబుల్, ల్యూమెన్లు (వెలుతురు ఎంతో చెప్పే అంకె) చూడండి, పడగ్గదికి 2700 కెల్విన్ పసుపు వెలుగు తీసుకోండి. తీసేసిన సీఎఫ్‌ఎల్‌ని పగలకుండా అట్టపెట్టెలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి, చెత్తబండిలో వేయొద్దు.