మూడు కుండల కంపోస్టు: విజయవాడ ఎండల్లో నాలుగేళ్ళు వాడాక

2021 కార్తీక మాసంలో కొన్నాం, వంటింటి చెత్తను ఎరువు చేసే ఈ మూడు కుండల సెట్టు. ఒకదాని మీద ఒకటి కూర్చునే మట్టి కుండలు, పైన మూత, పక్కల గాలి కోసం చిల్లులు, పై రెండింటికీ అడుగు ఉండదు, దాని బదులు తాళ్ళతో అల్లిన వల ఉంటుంది. వంటింటి తడి చెత్త పైకుండలో వేస్తూ పోవడం, నిండాక దాన్ని మధ్యకు దించి ఖాళీ కుండను పైకి తేవడం, బాగా మాగింది అట్టడుగు కుండలోకి చేరడం, పద్ధతంతా ఇంతే. అప్పట్లో రెండు వేల చిల్లర పడింది. మేం నలుగురం, సత్యనారాయణపురంలో మేడ మీద వాటా, కుండలు డాబా మీద.

ముందే చెప్పేస్తున్నాను, ఇది పనిచేస్తుంది. కానీ అమ్మేవాళ్ళు చెప్పినట్టు కాదు. కుండతోపాటు ఏదో పొడి ప్యాకెట్ అంటగట్టి అది చల్లితే చాలన్నారు. నేనూ నమ్మి, ఎండుటాకుల్లాంటి ఎండు సరుకు సంగతి పట్టించుకోకుండా కూరగాయ తొక్కలు, టీ పిప్పి, మిగిలిన అన్నం అన్నీ వేసుకుంటూ పోయాను. మూడో వారానికి మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే కింది వాటా పిన్నిగారు మెట్ల దగ్గర నిలబడి "ఏమ్మాయ్, ఎలకేమన్నా చచ్చిందా పైన, రాత్రంతా వాసన" అన్నారు. ఆవిడకు ఆయాసం, కిటికీ మూసుకుని పడుకోలేరు. ఆ మాటకు చాలా బాధేసింది, ఆపేద్దామనే అనుకున్నాను.

ఆపకుండా అడుగు దాకా తిరగేసి చూశాను. లోపలంతా బురద. గాలి ఆడక, నీరు ఇంకక కుళ్ళిపోతోంది. పచ్చి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. చెత్తను మట్టి చేసే సూక్ష్మజీవులకు రెండూ కావాలి, ఒక వంతు నత్రజనికి పాతిక ముప్పై వంతుల కార్బన్ ఉండాలంటారు. ఇంట్లో ఆ లెక్క ఎవరు కట్టగలరు? నేను పట్టుకున్న కొలత: ఒక గిన్నెడు తడి చెత్త వేస్తే దాని మీద అదే గిన్నెడు నలిపిన ఎండుటాకులు, చెత్త కంటికి కనపడకుండా కప్పేయడం. గుప్పిట్లో పట్టి పిండితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఆ రోజు బురదంతా గోనెపట్టా మీద ఆరబోసి, ఆకులు కలిపి మళ్ళీ వేశాను. నాలుగో రోజుకు వాసన పోయింది. ఆ పొడి మళ్ళీ కొనలేదు. మొదట్లో రెండు గరిటెల పుల్లటి మజ్జిగ, ఇప్పుడు పాత కుండలోని మట్టి ఒక దోసెడు, అంతే.

ఎండుటాకులు ఎక్కడివి అని అందరూ అడుగుతారు. మన ఊళ్ళో వాటికేం కొదవ. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి వేపచెట్లు ఆకంతా దులిపేస్తాయి, వెనకాలే కానుగలు. మా వీధి ఊడ్చే ఆవిడకు చెప్పిపెట్టుకున్నాను, తగలబెట్టకుండా పక్కకు తోసి ఉంచుతుంది, నేనూ మా అమ్మాయీ వెళ్ళి నాలుగు గోనె సంచులు నింపుకొస్తాం. ఏడాదికి సరిపోవు, వానాకాలం చివరికొచ్చేసరికి అయిపోతాయి. అప్పుడు కొబ్బరి పొట్టు ఇటుక కొని నీళ్ళలో నానబెట్టి, విప్పి, ఆరబెట్టి వాడతాను. వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టు కూడా మంచిదే కానీ ప్లైవుడ్ కోసిందయితే తీసుకోకండి, దాంట్లో జిగురు ఉంటుంది.

ఇక ఎండల సంగతి. మే నెలలో ఇక్కడ నలభై నాలుగు, నలభై అయిదు దాకా పోతుంది, డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. మొదటి వేసవిలో కుండలు ఎండలోనే ఉంచాను. పైకుండ పెళపెళలాడిపోయి చీమలు పట్టేశాయి. చీమలు పట్టాయంటే లోపల తడి చాలట్లేదని అర్థం. ఇప్పుడు మెట్ల గదికి తూర్పున నీడలో పెట్టి, వేసవిలో రెండు రోజులకోసారి బియ్యం కడుగు చల్లుతాను. అలా చూసుకుంటే ఎండాకాలంలోనే తొందరగా మాగుతుంది, నలభై రోజుల్లో చేతికొస్తుంది, అదే చలికాలంలో రెండు నెలలు దాటుతుంది.

పురుగులు వస్తాయి, దాచడం దేనికి. బూడిద రంగులో లావుగా, చదునుగా ఉండే లార్వాలు. మా అత్తగారు మొదటిసారి చూసి ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అవి నల్లటి సోల్జర్ ఈగ పిల్లలు, కుట్టవు, ఇంట్లో వాలే ఈగలు కావు, పైగా చెత్తను మనకంటే వేగంగా తినేస్తాయి. మరీ ఎక్కువైతే ఎండు సరుకు పెంచితే తగ్గిపోతాయి. తెల్లటి బూజు పట్టినా భయం లేదు. ఎలకలకు మాత్రం మూత మీద ఇటుక పెట్టాల్సిందే. చేప ముళ్ళు, చికెన్ ఎముకలు, నూనె తేలే పచ్చళ్ళు నేను అసలు వేయను.

పూజ పువ్వుల దగ్గర ఒక ఇబ్బంది ఎదురైంది. శ్రావణ మాసంలో వ్రతాల తర్వాత దండలు దండలుగా వేసేశాను. రెండు నెలలకు కుండ తీస్తే చామంతులు, కనకాంబరాలు ఆనవాలు లేవు, కానీ గుప్పెడు నైలాన్ దారం కట్టలు కట్టలుగా మట్టిని చుట్టుకుని ఉంది. సాయంత్రమంతా కూర్చుని వేళ్ళతో విడదీశాను. అప్పటినుంచి అరటినారతో కట్టిన మాలలే తెమ్మంటున్నాను, దొరకకపోతే విడిపూలు కొంటున్నాం.

వస్తువు నాణ్యత గురించి: అడుగు తాళ్ళు రెండో ఏడు పుటుక్కున తెగాయి, కుండ ఎత్తగానే సగం మాగిన చెత్తంతా డాబా మీద కుమ్మరించుకుపోయింది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే కొత్త కుండ కొనుక్కోమన్నారు. ఇది నాకు నచ్చలేదు, తాళ్ళు మార్చుకునేలా చేసి అమ్మాలి కదా. బజార్లో స్టీలు జల్లెడ ఒకటి కొని అమర్చాం, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అట్టడుగు కుండకు చిన్న బీట ఉంది, తీగ చుట్టి వాడుతున్నాం.

ఒక నెలంతా తూకం వేశాను. వేసింది దాదాపు పాతిక కిలోలు, చివరికి మిగిలిన మట్టి అయిదు కిలోలకు కాస్త తక్కువ. మిగతాదంతా ఎక్కువగా నీరే. ఆ నీటినే రోజూ లారీలకెత్తి ఊరు దాటించి గుట్ట పోస్తున్నాం. ఆ గుట్టల అడుగున గాలి ఆడక మీథేన్ పుడుతుంది, నూరేళ్ళ లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఇది తెలిశాక అరటి తొక్క ఒక్కటైనా బండిలో వేయబుద్ధి కాదు.

నేను అనుకోని లాభం ఇంకోటి. తడి చెత్త విడిపోయేసరికి పొడి చెత్త శుభ్రంగా మిగిలింది. పాల ప్యాకెట్లు కడిగి ఆరేస్తాం, అట్టపెట్టెలు నలగకుండా ఉంటాయి, పాతసామాన్లవాడు సంతోషంగా తీసుకుంటాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా వీధిలోకి నీళ్ళు రాలేదు కానీ చెత్త బండ్లు, మనుషులు అంతా అటే వెళ్ళారు, వెళ్ళాల్సిందే కూడా. వారం పైన బండి రాలేదు. వీధి చివర సంచులు కుళ్ళిపోతుంటే మా ఇంట్లో పొడి చెత్త ఒక్క సంచి, అదీ వాసన లేకుండా. అయితే ఆ వానకు పైకుండలోకి నీళ్ళు దిగి కింద నల్లటి ఊట కారింది. దానికి ఒక పళ్ళెం పెట్టుకుని, పదింతలు నీళ్ళు కలిపి మొక్కలకు పోశాను.

ఇలా వచ్చిన కంపోస్టు ఒక వంతుకు మూడు వంతుల ఎర్రమట్టి కలిపి కుండీల్లో వాడతాను. గోంగూర, తోటకూర, రెండు మల్లె తీగలు. అడగకుండానే టమాటా మొలకలు వస్తుంటాయి, ఈ కుండల్లో విత్తనం చచ్చేంత వేడి పుట్టదు కాబట్టి.

ఇద్దరే ఉండే ఇంటికి ఈ సెట్టు కొనక్కర్లేదు, చిల్లులు పొడిచిన రెండు పాత పెయింటు బకెట్లు చాలు, కడిగి వాడండి. నలుగురికి మించితే ఒక్క సెట్టు చాలదు, మామిడి రోజుల్లో మాకే చాలట్లేదు. ఆ మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు నాలుగేళ్ళయినా నాకు తెగని సమస్య. ఏడాది తర్వాత తీసినా టెంక టెంకలాగే ఉంటుంది. పోయిన వేసవివి ఒక బస్తా నిండా ఎండబెట్టి మెట్ల కింద పెట్టాను. మీలో ఎవరైనా వాటిని ఇంట్లోనే ఏం చేస్తున్నారో చెప్పండి, మళ్ళీ బంగినపల్లి దిగేలోపు ఆ బస్తా ఖాళీ చేయాలి.