700 రూపాయల ఓబీడీ స్కానర్, ఏడాది వాడాక చెప్తున్నా

ఓబీడీ స్కానర్ అంటే కారు కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివేది. ఆన్‌లైన్‌లో దొరికే ఈఎల్ఎమ్327 (అందులోని చిప్ పేరు) టైపు బ్లూటూత్ అడాప్టర్ ఇది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా నీలం రంగులో ఉంటుందే, అదే. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, కీ ఆన్ చేసి, ఫోన్‌లో కార్ స్కానర్ యాప్‌కి కలుపుకోవడమే. పెయిరింగ్ పిన్ 1234 అడిగింది.

ఎందుకు కొన్నానంటే, పోయినేడు విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటాక బండి జర్క్ కొట్టడం మొదలైంది, పికప్ లేదు, చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఆరి వెలిగి ఆరి. లైట్ అలా కొట్టుకుంటుంటే మటుకు లాగించకండి, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగని శుభ్రం చేసే భాగం) కాల్చేస్తుంది, అది పోతే ఖర్చు మామూలుగా ఉండదు. మెల్లగా ఎలాగో ఇంటికి చేర్చి ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే నాలుగు కాయిళ్లు (ప్లగ్గులకి కరెంట్ ఇచ్చేవి), నాలుగు ప్లగ్గులు, లేబర్ కలిపి 11 వేలు అన్నారు. కోడ్ ఏమొచ్చింది అన్నా అని అడిగితే మిస్‌ఫైర్ సార్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండట్లేదని, అన్నాడే గానీ నంబర్ చెప్పలేదు. నాకు అక్కడే మనసొప్పలేదు, బండి తెచ్చేసుకుని ఇది ఆర్డర్ పెట్టా.

గుచ్చి చూస్తే పి0303. చివరి అంకె సిలిండర్ నంబర్, అంటే మూడోదాంట్లో మిస్సింగ్. కాయిలా, ప్లగ్గా, ఇంజెక్టరా అనేది మాత్రం కోడ్ చెప్పదు, చాలామంది ఇక్కడే పొరబడి కోడ్ చూడగానే పార్ట్ మార్చేస్తారు. నా బండికి సిలిండర్‌కో కాయిల్ ఉంది కాబట్టి ఇంజన్ బాగా చల్లారాక 10 నంబర్ స్పానర్‌తో మూడో కాయిల్‌నీ రెండోదాన్నీ అటూ ఇటూ మార్చి, కోడ్ క్లియర్ చేసి కాలనీలో నాలుగు రౌండ్లు తిప్పా. ఈసారి పి0302 వచ్చింది! తప్పు కాయిల్‌తో పాటే రెండో సిలిండర్‌కి మారింది, ఇంకేం చూడక్కర్లేదు. ఒక్క కాయిల్ 1,900 పెట్టి కొని వేశా, ఇప్పటిదాకా లైట్ మళ్లీ రాలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మా ఇంట్లోవాళ్లకి అర్థం కాలేదు గానీ నాకు చాలా పెద్దది.

ఇంకోసారి మా బావ వాళ్ల బండికి పి0171, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతోందని. ఆక్సిజన్ సెన్సర్ మార్చమన్నారంట. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూస్తే ఐడిల్‌లో ప్లస్ 20 పైన, 2500 ఆర్పీఎమ్‌కి పెంచితే 5 లోపు. వాళ్లది మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచేది) ఉన్న బండి, ఇలా ఐడిల్‌లోనే ఎక్కువగా ఉంటే ముందు మాఫ్ తర్వాత ఎక్కడో గాలి లీకవుతోందేమో వెతకాలి. వెతికితే రబ్బర్ పైపు ఒకటి క్లిప్ దగ్గర చీలి ఉంది, అంతే.

లోపాలు కూడా చెప్పాలి. నేను మొదట తెప్పించింది కనెక్టే అవలేదు, రిటర్న్ పెట్టి ఇంకోటి తీసుకున్నా, మార్కెట్‌లో నకిలీ చిప్పులే ఎక్కువ. వెర్షన్ 1.5 అని రాసుంటే ఒరిజినల్ అనుకోకండి, అసలు కంపెనీ ఆ నంబర్‌తో చిప్పే తేలేదు. ఐఫోన్‌కి ఈ మామూలు బ్లూటూత్‌ది పనిచేయదు, వైఫైది గానీ బ్లూటూత్ ఎల్ఈ (బీఎల్ఈ) రకం గానీ తీసుకోవాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు నా బండిలో చదవట్లేదు, వాటికి మెకానిక్ దగ్గరున్న పెద్ద స్కానరే దిక్కు. పని అయ్యాక పీకేయండి, కీ తీసేసినా ఆ సాకెట్‌కి బ్యాటరీ కరెంట్ వస్తూనే ఉంటుంది, వారం వదిలేస్తే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

ఇంకో మాట, కోడ్ కనపడగానే క్లియర్ నొక్కకండి ప్లీజ్. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా తెరిచి చూడండి, తప్పు జరిగినప్పుడు స్పీడెంత, ఇంజన్ వేడెంత, ఆర్పీఎమ్ ఎంత అన్నీ అందులో ఉంటాయి, క్లియర్ చేస్తే అవీ పోతాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఆ స్క్రీన్‌షాట్ చూపించండి, నేనిప్పుడు అలాగే చేస్తున్నా.

రేటింగ్ 5కి 4.