జీతం పడ్డాక తప్పు దొరికితే: పేరోల్ సాఫ్ట్‌వేర్‌పై ఒక అకౌంటెంట్ సమీక్ష

బాలానగర్‌లోని మా చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో జీతాల లెక్కలన్నీ కొన్నేళ్లుగా ఒకే పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. హాజరు ఎక్కించగానే పేస్లిప్పులు తయారవడం ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉన్నదే. జీతం బ్యాంకులో పడ్డ తర్వాత అందులో తప్పు దొరికితే అది ఎంతవరకు ఆదుకుంటుందన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

జీతాలు ఖరారు చేసే ముందు, గత నెలతో పోల్చి ఎవరి నికర జీతం ఎంత మారిందో చూపే పట్టిక ఇందులో చాలా బాగుంది. ఓవర్‌టైమ్ షీటు ఆలస్యంగా వచ్చినా, ఒకరి లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) రోజులు మరొకరి ఖాతాలో పడినా అక్కడే బయటపడతాయి. బ్యాంకు ఫైలు ఇంకా పంపలేదు కాబట్టి అప్పుడు సరిచేయడం నిమిషాల పని.

డబ్బు వెళ్లాక సంగతి వేరు. ముగిసిన నెలను కూడా తిరిగి తెరిచి అంకెలు మార్చే వీలు ఇందులో ఉంది. అది సౌకర్యంగా కనిపించినా నేను వాడను, వాడమని ఎవరికీ చెప్పను. అప్పటికే ఆ నెల పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చలానాలు కట్టేసి ఉంటాం, పాత స్లిప్పు కార్మికుడి చేతిలోనో, అతని బ్యాంకు లోను ఫైల్లోనో ఉంటుంది. పాత అంకెను చెరిపేస్తే వీటిలో ఏదీ మరొకదానితో కలవదు. తక్కువ పడిన మొత్తాన్ని ఎరియర్స్ (బకాయి) పద్దు కింద, ఏ నెలదో స్పష్టంగా రాసి ఇవ్వడమే సరైన పద్ధతి. ఎక్కువ పడితే ముందు ఆ కార్మికుడికి లెక్క చూపి, అతను ఒప్పుకున్న వాయిదాల్లో మినహాయించుకోవాలి. అతనికి తెలియకుండా ఒకేసారి కోసేస్తే ఇంటి అద్దె రోజున అతను ఇబ్బంది పడతాడు.

నాకు అసంతృప్తి మిగిల్చింది ఎరియర్స్ మీద పీఎఫ్ లెక్కే. బేసిక్, డీఏ కలిపి 14,200 రూపాయలున్న ఆపరేటర్‌కు ఏప్రిల్ నుంచి 15,400 చేస్తూ యాజమాన్యం జూన్‌లో నిర్ణయించిందనుకుందాం. పీఎఫ్ లెక్కకు తీసుకునే జీతం పరిమితి 15,000, దాని మీద 12 శాతం చొప్పున 1,800 రావాలి, ఏప్రిల్, మే నెలల్లో కోసింది 1,704, అంటే నెలకు 96 చొప్పున 192 రూపాయలు అతని వాటాగా ఇంకా జమ కావాలి, యాజమాన్యం వాటా కూడా అంతే. సాఫ్ట్‌వేర్ మాత్రం రెండు నెలల బకాయిని జూన్ జీతంలోనే కలిపి, పరిమితి ఎలాగూ దాటిందని దాని మీద ఏమీ కోయదు. స్లిప్పు చూడటానికి సక్రమంగానే ఉంటుంది కానీ, కార్మికుడి పీఎఫ్ పాస్‌బుక్కులో ఆ సొమ్ము ఎప్పటికీ చేరదు.

ఈఎస్ఐలోనూ ఇలాంటి చిక్కే ఉంది. జూలైలో జీతం 20,400 నుంచి 21,600కు పెరిగితే ఈఎస్ఐ వర్తించే 21,000 జీతం పరిమితి దాటినా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకే చందా కాలం కాబట్టి, సెప్టెంబరు ముగిసేదాకా చందా కట్టాలి. కార్మికుడి వాటా 162, యాజమాన్యం వాటా 702. సాఫ్ట్‌వేర్ మాత్రం చందాను ఆ నెలే ఆపేస్తుంది. ఉద్యోగి మాస్టర్‌లో (అతని వివరాలుండే పేజీలో) ఈఎస్ఐ ముగింపు తేదీని సెప్టెంబరు 30గా చేత్తో ఎక్కిస్తే గానీ సరిగ్గా నడవదు.

పాతికమంది లోపున్న యూనిట్‌కు, నియమాలు తెలిసిన మనిషి దగ్గరుంటే, దీన్ని ధైర్యంగా తీసుకోవచ్చు. ఎరియర్స్‌ను నెలలవారీగా విడదీసే సదుపాయం వచ్చేదాకా ఆ ఒక్క లెక్కను మాత్రం విడిగా ఎక్సెల్‌లో వేసుకోవలసిందే.